నిదానం రుజువయ్యేదాకా

డాక్టర్ శేషఫణికి యాభై ఆరేళ్లు. అందులో ఇరవై తొమ్మిదేళ్లు ఆయన ముక్కు గురించే ఆలోచించారు. ఎవరైనా ఎదురైతే అందరూ మొహం చూస్తారు, ఈయన ముక్కు రంధ్రాల వాలు చూస్తారు. పెళ్లిచూపుల్లోనూ అదే చూశారని భార్య ఇప్పటికీ అంటుంది, ఆయన ఇప్పటికీ కాదనలేదు. నగరం చివర రింగురోడ్డు దాటాక ఉన్న ఒక ప్రభుత్వ ఔషధ పరిశోధన సంస్థలో నాసికా విభాగానికి ఆయన అధిపతి. విభాగం అంటే ఆయన, ఒక ల్యాబు, ఒక ఫ్యాను, ల్యాబు అటెండరు బాలమణి.

ఫిట్స్ వచ్చినవాళ్లకు ఆస్పత్రుల్లో సూదితో ఇచ్చే మందు ఒకటి ఎప్పటినుంచో ఉంది. మందు మంచిదే. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్న మనిషికి సూది గుచ్చడమే గగనం. అసలు ఆస్పత్రి దాకా చేర్చడం అంతకంటే గగనం. శేషఫణి ఆ పాత మందునే ముక్కులో కొట్టే స్ప్రేగా మార్చాలనుకున్నారు. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ ముక్కులో పట్టేది రెండు మూడు చుక్కలే, అంతకు మించితే గొంతులోకి జారుతుంది. ఆ రెండు చుక్కల్లో పూర్తి మోతాదు కరగాలి. మందేమో నీళ్లలో కరగనని మొండికేస్తుంది, బలవంతంగా కరిగిస్తే ముక్కు భగ్గుమంటుంది. తుంపర మరీ సన్నగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మరీ లావుగా ఉంటే పెదవి మీదికి కారుతుంది. ఈ పేచీలన్నీ తీర్చడానికి ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది. చివరికి ఒక్క నొక్కుతో రెండు నిమిషాల లోపే ఫిట్స్ ఆగడం మొదలైంది. రెండు ఆస్పత్రుల్లో మూడు వందల మంది మీద పరీక్షలు జరిగాయి. పెద్ద డాక్టర్లు బాగుందని సంతకాలు పెట్టారు. ఇక మిగిలింది సీసా మీద అంటించే లేబుల్ ఒక్కటే.

ఆ మూడు వందల మందిలో బాలమణి కూతురు అఖిల ఒకతె. పదకొండేళ్ల పిల్ల. ఇంతకుముందు దానికి ఫిట్స్ వస్తే మందు వెనకవైపు నుంచి ఎక్కించేవాళ్లు. ఒకసారి బళ్లో, క్లాసంతా చుట్టూ నిలబడి చూస్తుండగా, ఆయా ఆ పని చేసింది. మర్నాటినుంచి అఖిల బడికి పోనని భీష్మించుకుంది. స్ప్రే వచ్చాక తనంతట తనే పోతానంది. ఈసారి బడి రావద్దంది.

"బడి హెడ్డు ఫిలోమినా టీచరమ్మ చెడ్డది కాదు సార్" అంది బాలమణి, మార్చి నెలలో ఒక పొద్దున సీసాలు కడుగుతూ. "ముక్కుల కొట్టుడే అయితే మా టీచర్లు కొడ్తరు, గని రేపు ఏమన్నైతే అందరు నన్నే పట్టుకుంటరు అంటది. ఈ మందు ఎంతసేపట్ల పనిజేస్తదో సర్కారు కాగితం మీద రాసి, గుండ్రటి ముద్ర కొట్టిచ్చుకోని తెమ్మంటది. తెచ్చిన రోజే పిల్లను బెంచి మీద కూసోబెడ్తదంట."

"అంతేనా?" అన్నారు శేషఫణి. "లేబుల్ ఆమోదం ఇంకెంత, నెల రోజులు. జూన్‌లో బడి తెరిచేసరికి కాగితం నీ చేతిలో పెడతాను."

ఈ మాట ఆయన చాలా ధీమాగా అన్నారు. తర్వాతి రోజుల్లో ఆ ధీమా గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు చెవులు వేడెక్కేవి.

లేబుల్ కమిటీకి సంస్థ డైరెక్టరు మార్కండేయులు గారే అధ్యక్షులు. ఆయన ఏ కాగితాన్నయినా ముందు వెనక్కి తిప్పి చూస్తారు, తర్వాత చదువుతారు. లేబుల్ నమూనా మీద "ముక్కు ద్వారా వాడే మందు. అత్యవసర సమయాల్లో త్వరితగతిన పనిచేయును. వాడుట సులభము. సురక్షితము" అని ఉంది. డైరెక్టరు గారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"త్వరితగతిన అన్నారు. దేనికంటే త్వరితం?"

"సూదికంటే సార్. రోగిని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పోవడంకంటే."

"సూది వేరే మార్గం. ఆటో అసలు ఔషధమే కాదు. నిబంధన తొమ్మిది-గ ఏమంటోంది? చదువుతాను. 'ఏ ఔషధమునకైనను ఒక గుణమును లేబులుపై ఆపాదించవలెనన్న, ఆ గుణము లేని అదే ఔషధమును, అదే మార్గమున, అదే సంస్థ తయారుచేసి, రెంటికి నడుమ గల భేదమును నిరూపించవలెను.' అబ్బ! ఎంత నిర్దుష్టంగా రాశారండీ. ఒక్క సందు లేదు."

కమిటీ సభ్యులు ఏడుగురూ శేషఫణి వైపు చూసి నవ్వారు. తొమ్మిది-గ రాసింది ఆయనే. పన్నెండేళ్ల కిందట, ఒళ్లు నొప్పుల తైలాలవాళ్లు నోటికొచ్చిన గుణాలన్నీ సీసాల మీద రాసుకుంటున్నారని ఒక ఉపసంఘం వేస్తే, కుర్రతనం పూర్తిగా వదలని శేషఫణి ఒక్క మధ్యాహ్నంలో ఆ వాక్యం రాసిపారేశారు. అప్పుడు చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా ఫొటో ఇప్పటికీ వాళ్లింటి హాల్లో ఉంది. ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ కంటే ముందు ఆ వాక్యం వినిపించేవారు. ఇప్పుడు డైరెక్టరు నోట అది వింటుంటే, తన మెడకు బిగుస్తున్నది అదేనని తెలిసి కూడా, ఒక్క క్షణం ఆయనకు ఒళ్లు పులకరించింది. అందుకు తనను తాను తర్వాత చాలా తిట్టుకున్నారు.

"పోనీ, త్వరితగతిన అనే మాట తీసేద్దాం సార్."

"తీసేస్తే అత్యవసర మందుల జాబితాలోకి రాదు. జలుబు మందుల అరలో పెడతారు. మీ తొమ్మిదేళ్ల కృషిని జలుబు పక్కన చూడటం నాకు వ్యక్తిగతంగా బాధాకరం." డైరెక్టరు గారు కాగితం మడిచేశారు. "కాబట్టి ముందు నిదానంగా పనిచేసే స్ప్రే తయారుచేయండి. దాని నిదానం రుజువు కానివ్వండి. మీ త్వరితం దానంతట అదే తేలుతుంది."

వారం తిరక్కుండానే "నాసికా మందగమన ప్రమాణ విభాగం" ఏర్పడింది. మూడు గదులు, నలుగురు సహాయకులు, రెండు ఏసీలు, ఒక జీపు వచ్చాయి. వేగంగా పనిచేసే మందుకు తొమ్మిదేళ్లలో ఇంకో ఫ్యాను రాలేదు. నిదానానికి అధిపతిగా సంస్థలో అందరికంటే అర్హుడెవరని వెతికితే శేషఫణే దొరికారు. ఆయన కూడా కాదనలేదు. పాడుచేయడమే కదా, రెండు వారాల పని అనుకున్నారు.

పాడుచేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ముందు మందులో జిగురు కలిపి చిక్కగా చేశారు. మూడు నిమిషాల పది సెకన్లలో పనిచేసింది. నిదానం అంటే కనీసం నలభై ఐదు నిమిషాలు ఉండాలని కమిటీ ఒక నిర్వచనం పంపింది. తుంపరను బాగా లావు చేశారు. అది ముక్కులో నిలవకుండా గొంతులోకి జారి, కడుపులోకి పోయి, యాభై నిమిషాలకు తీరిగ్గా పనిచేసింది. శేషఫణి సంబరంగా రిపోర్టు పంపారు. నాలుగు రోజులకు తిరిగొచ్చింది. దాని మీద డైరెక్టరు గారి స్వహస్తాక్షరాలు ఉన్నాయి: "ప్రవేశము నాసిక, ప్రయోజనము ఉదరము. ఇది నోటి మందు కిందికి వచ్చును. అంగీకారయోగ్యము కాదు."

ముక్కుకు ఒక అలవాటుంది. లోపల కంటికి కనిపించనంత సన్నటి నూగు, ఏది వచ్చి పడినా పావుగంటలో గొంతులోకి ఊడ్చేస్తుంది. దానికి తొమ్మిది-గ తెలియదు. నలభై ఐదు నిమిషాలు ఆగమంటే ఆగదు. శేషఫణి జీవితమంతా ముక్కును పొగిడిన మనిషి, ఆ రోజుల్లో మాత్రం అద్దంలో తన ముక్కును చూసుకుని పళ్లు కొరికేవారు.

ఇంతలో జూన్ వచ్చింది. బళ్లు తెరిచారు. బాలమణి పిల్లను వెంట తెచ్చుకుని ల్యాబు బయట వరండాలో బెంచి మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒంటరిగా వదిలితే ఎప్పుడేమవుతుందోనని భయం. పరీక్షల్లో పాల్గొన్న పిల్ల కాబట్టి రూలు ప్రకారం స్ప్రే అయితే వస్తోంది, అది బాలమణి చేతిసంచిలో ఉంటుంది. బడికి చూపించాల్సిన కాగితం మాత్రం లేదు. అఖిల ఆరో తరగతి పుస్తకాలు తనకు తనే చదువుకుంటూ, అర్థం కానివి శేషఫణిని అడిగేది.

"సార్, మీరిప్పుడు చేసే మందు మస్తు నిదానంగ పనిజేస్తదంట గద?"

"అవునమ్మా."

"అది ఎవరికిస్తరు?"

"ఎవరికీ ఇవ్వం. పోల్చి చూడటానికి."

"మరి చేసినంక దాన్నేం జేస్తరు?"

శేషఫణి గడియారం చూసుకుని, మీటింగు ఉందని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు మీటింగేమీ లేదు.

ఆగస్టులో కమిటీకి ఒక ఆలోచన తట్టింది. ఈ మందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇస్తే మగత వస్తుంది. కాబట్టి ఫిట్స్ ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టకుండా, సంస్థ ఉద్యోగుల మీదే ప్రయోగించి, ఎవరికి ఎంతసేపట్లో కునుకు పడుతుందో చూస్తే సరిపోతుందన్నారు. పరిపాలనా విభాగం నుంచి పన్నెండుమంది ముందుకొచ్చారు. సమయం భోజనాలయ్యాక రెండు గంటలకు పెట్టారు. నలుగురికి వేగం స్ప్రే, నలుగురికి నిదానం స్ప్రే, నలుగురికి ఉత్త ఉప్పునీళ్లు.

ఉప్పునీళ్లు కొట్టించుకున్న నలుగురిలో ముగ్గురు మూడు నిమిషాల్లో గురక పెట్టారు. నాలుగో ఆయన స్ప్రే ముక్కు దగ్గరికి రాకముందే నిద్రపోయారు. ఆయన సమయాన్ని ఏ గడిలో రాయాలో తెలియక సహాయకులు బిక్కమొహం వేశారు. మొత్తం మీద వేగం స్ప్రే కంటే ఉప్పునీళ్లే ఎక్కువ శక్తిమంతమని తేలింది. శేషఫణి తల పట్టుకున్నారు. డైరెక్టరు గారు మాత్రం తల పట్టుకునే మనిషి కాదు.

"ఇది ఒక స్వతంత్ర ఆవిష్కరణ కూడా అయి ఉండవచ్చు" అన్నారు గంభీరంగా. "ఉప్పునీటికి విడిగా ఒక ఫైలు తెరవండి."

మొదట్లో విసుగ్గా మొదలుపెట్టిన పని ఎప్పుడు వ్యసనమైందో శేషఫణికే తెలియదు. ముక్కు తనను ఓడించడమా అన్న పంతం పట్టుకుంది. ఆదివారాలు కూడా ల్యాబుకు వెళ్లారు. ముక్కు పైకప్పుకు అంటుకుని, ఎంత ఊడ్చినా కదలకుండా, లోపలి మందును గీసి గీసి వదిలే ఒక జిగురు పొరను చివరికి కనిపెట్టారు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆస్పత్రినుంచి ఫలితాలు రాగానే, కాగితం పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు.

"బాలమణీ! యాభై రెండు నిమిషాలు! సరిగ్గా యాభై రెండు!"

"ఫిట్సు ఆగిందా సార్?"

"ఎక్కడ ఆగింది! అంతసేపూ ఆగలేదు! డాక్టర్లు విసిగిపోయి సూది చేతిలోకి తీసుకున్నాక, యాభై రెండో నిమిషంలో ఆగిందట! అదే కదా గొప్ప!"

బాలమణి ఆయన మొహంలోకి చూసి, చేతిలోని చీపురు గోడకు ఆనించి, "మంచిగైంది సార్" అంది. బెంచి మీద అఖిల పుస్తకంలోంచి తలెత్తలేదు. అప్పుడు శేషఫణికి తను అరిచిన మాటలు తనకే వినిపించాయి. ఆస్పత్రిలో ఎవరో పేషెంటు యాభై రెండు నిమిషాలు కొట్టుకుంటుంటే ఇక్కడ తను గంతులేశాడు. ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

కమిటీకి అలాంటి ఇబ్బందులు లేవు. నిదానం స్ప్రేకు రెండు వారాల్లో ఆమోదం వచ్చింది. దేశంలో అంత నిదానమైన స్ప్రే ఇంకెక్కడా లేదు కాబట్టి దాన్ని సంస్థ వార్షికోత్సవంలో ఆవిష్కరించాలని, శేషఫణికి సన్మానం చేయాలని తీర్మానించారు. వేగం స్ప్రే సంగతి అడగడానికి ఆయన డైరెక్టరు గదికి వెళ్లారు.

"వేగం దాదాపు అయిపోయినట్టే" అన్నారు మార్కండేయులు గారు. "కాకపోతే లేబుల్ మీద వాడుట సులభము అని ఉంది కదా. వాడటం కష్టమైన సీసా ఒకటి చేయించాలి. మూత ఇద్దరు మనుషులు పట్టి తిప్పితే గానీ రాకూడదు. ఆ విభాగానికి కూడా మీరే ఉంటే బాగుంటుందని అందరి అభిప్రాయం."

"తర్వాత సురక్షితము అని కూడా ఉంది సార్."

"ఉంది. అది చివర్లో చూద్దాం. దానికి వాలంటీర్లు దొరకడం కొంచెం కష్టం."

శేషఫణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఈ మనిషిని వెక్కిరించడానికి కూడా తనకు హక్కు లేదు. డైరెక్టరు గారు ఒక్క అక్షరం కూడా సొంతంగా కల్పించలేదు. తను రాసిన వాక్యాన్ని తనకంటే శ్రద్ధగా చదువుకున్నారు, అంతే.

వార్షికోత్సవం మే నెలాఖరున పెట్టారు. వేదిక మీద ఎర్రగుడ్డ పరిచిన బల్ల, దాని మీద రెండు సీసాలు. ఒకదానికి పూలదండ వేసి "ఆమోదితము" అని రాశారు. రెండోదాని ముందు "పోలిక కొరకు మాత్రమే. వాడరాదు" అన్న అట్టముక్క ఉంది. ఆ అట్టముక్క మీది అక్షరాలు శేషఫణివే. కమిటీ సభ్యులు ఏడుగురూ ముందు వరసలో కూర్చున్నారు. ముఖ్య అతిథికి బొకే ఇవ్వడానికి బాలమణిని గేటు దగ్గర నిలబెట్టారు, స్ప్రే ఉన్న చేతిసంచి ఆమె దగ్గరే ఉంది. అఖిల హాల్లో చివరి వరసలో కూర్చుంది. డైరెక్టరు గారు "వేగమే సర్వస్వమనుకునే ఈ యుగంలో" అంటూ ప్రసంగం అందుకున్నారు.

వెనకనుంచి కుర్చీ పడిన చప్పుడైంది. అఖిల నేల మీద ఉంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్లు పైకి తిరిగిపోయాయి. జనం లేచి చుట్టూ మూగారు. ఎవరో తాళాలు తెండి అన్నారు, ఎవరో ఉల్లిపాయ అన్నారు.

"ఎవరూ ఆందోళన చెందవద్దు" అన్నారు డైరెక్టరు గారు మైకులో. "అదృష్టవశాత్తు ఆమోదం పొందిన నాసికా స్ప్రే మన వేదిక మీదే ఉంది. డాక్టర్ శేషఫణి గారు తమ చేతుల మీదుగా దానిని ఈ బాలికకు..." అని దండ వేసిన సీసా తీసి ఆయన చేతికి ఇవ్వబోయారు.

యాభై రెండు నిమిషాలు. ఆ అంకె మీద శేషఫణికి జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది. ఆయన ఆ చేతిని పక్కకు నెట్టి, అట్టముక్క వెనక ఉన్న సీసా లాక్కున్నారు.

"అది వాడరాదండీ! రాసుంది చూడండి!"

"రాసిన వెధవను నేనే సార్!"

ఆయన వేదిక దిగి పరుగెత్తారు. జనాన్ని తోసుకుని పిల్లను పక్కకు ఒత్తిగిలించి ముక్కులో ఒక్క నొక్కు నొక్కారు. తర్వాత చేయడానికేమీ లేదు, ఆ చిన్న తల కింద అరచెయ్యి పెట్టి కూర్చున్నారు. మూడు వందల మంది విషయంలో కాగితాల మీద చూసిన రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఆయనకు అప్పుడే తెలిసింది. కమిటీ సభ్యులు ఏడుగురూ, ఏళ్ల తరబడి అలవాటు కాబట్టి, ఎవరూ చెప్పకుండానే చేతి గడియారాలు చూస్తూ నిలబడ్డారు. మెల్లగా చేతులు ఆగాయి, తర్వాత కాళ్లు. బాలమణి బొకే గేటు దగ్గరే పారేసి రొప్పుతూ వచ్చేసరికి పిల్ల ఊపిరి నెమ్మదించింది. కాసేపటికి కళ్లు తెరిచి "అమ్మా, గింతమంది ఎందుకున్నరు?" అని అడిగింది.

మూడో రోజున ఛార్జిమెమో వచ్చింది. శేషఫణి దాన్ని ల్యాబులో నిలబడి చదివారు.

"మీరు వార్షికోత్సవ సందర్భమున, ఆమోదము పొందని నాసికా స్ప్రేను ఒక మైనరు బాలికపై ప్రయోగించి, లేబుల్ కమిటీ సభ్యులు ఏడుగురి సమక్షమున, సదరు సభ్యుల గడియారముల ప్రకారము ఒక నిమిషము ముప్పై ఆరు సెకన్లలో ఆ బాలిక మూర్ఛను నిలిపివేసియున్నారు. అదే మార్గమున అదే ఔషధము యొక్క ఆమోదిత రూపము అందుబాటులో ఉండియు, దానిని వాడిన యెడల యాభై రెండు నిమిషములు పట్టునని తెలిసియుండియు, మీరు ఉద్దేశపూర్వకముగా వేగమునకు పాల్పడితిరి. మిమ్ములను తక్షణము సస్పెండు చేయడమైనది. ఈ ఆరోపణను అంగీకరించెదరో తిరస్కరించెదరో పదిహేను దినములలో తెలుపవలెను."

కింద డైరెక్టరు గారి ఆకుపచ్చ సంతకం, సభ్యులు ఏడుగురి సంతకాలు, ఎడమపక్క గుండ్రటి ముద్ర ఉన్నాయి. ఆయన రెండోసారి చదివారు. మూడోసారి చదువుతూ స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. మతి పోయిందేమోనని బాలమణి భయపడింది.

జూన్ పన్నెండున బడి తెరిచారు. ఫిలోమినా టీచర్ కాగితాన్ని ఆసాంతం చదివి, కళ్లద్దాల పైనుంచి శేషఫణిని చూసింది.

"ఇది మీ మీద కేసు గదండీ?"

"అవునమ్మా. మీరడిగినవన్నీ అందులో ఉన్నాయి. సర్కారు కాగితం, గుండ్రటి ముద్ర, ఎంతసేపట్లో పనిచేస్తుందో."

"సాక్షులు గూడ ఏడుగురున్నరు" అంది టీచరమ్మ మళ్లీ చూసుకుంటూ. "ఇంత పక్కా కాగితం ఇయ్యాల్టిదాంక నేను చూడలే. జిరాక్సు నా ఫైల్ల పెట్టుకుంట. స్ప్రే సీసా నా సొరుగుల ఉంటది. గని సార్, ఒక్క మాట. రేపు మీవాళ్లు ఈ కేసు వాపసు తీసుకుంటే, ఇందుల రాసిందంత అబద్ధమని అర్థమైతది గద? గప్పుడు ఈ కాగితం నాకు పనికిరాదు."

అఖిల అప్పటికే లోపలికి వెళ్లిపోయి మూడో బెంచిలో కూర్చుంది. బాలమణి కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. శేషఫణి బడి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, ఛార్జిమెమోకు జవాబు రాశారు. ఆయన జీవితంలో రాసిన అధికారిక రాతల్లో అందరికీ అర్థమైంది అదొక్కటే.

"అయ్యా, నాపై మోపిన ఆరోపణ అక్షరాలా నిజం. దయచేసి ఎట్టి పరిస్థితుల్లోనూ దీనిని ఉపసంహరించుకోవద్దని ప్రార్థన."